నిదానం నేర్పిన బస్సు

తల్లిదండ్రులు పెట్టిన పేరు డిపో హాజరుపట్టీలో ఉండేది గాని, మనుషుల నోళ్ళలో అతనికి నిలిచిన పేరు నిదానం. కొత్తగా చేరిన డ్రైవరెవడైనా గేరు కరకరలాడిస్తే వెనుక నిలబడి "నిదానం, నాయనా, నిదానం" అనేవాడు. పదిమందికి చెప్పిన ఆ మాట చివరకు చెప్పినవాడినే అంటిపెట్టుకున్నది. పదిహేడో నంబరు బస్సును ముప్పై ఒక్క సంవత్సరాలు నడిపినవాడు. అతని పక్కన చెంబునిండా నీళ్ళు పోసి పెడితే ఊరు ఈ చివరి నుండి ఆ చివరికి చేరేసరికి చుక్క తొణకదని డిపోలో ఒక పందెం ఉండేది. ఆ పందెం ఎవరూ కాయలేదు, కాస్తే ఓడిపోతామని అందరికీ తెలుసు కనుక. హారన్ అనే తోటి డ్రైవరొకడు, గొంతు పెద్దది కావడం వల్ల ఆ పేరు వచ్చినవాడు, ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు: "నిద్రపట్టని రోగులందరినీ నీ బస్సెక్కించాలిరా. డాక్టర్లకి పని తప్పుతుంది."

పదిహేడో నంబరు దారి మార్కెట్టు దగ్గర మొదలై, కోర్టు మలుపు తిరిగి, పెద్దాస్పత్రి ముందు గేటు దగ్గర ఆగి, అక్కడి నుండి ఆస్పత్రి గోడ వెంబడే అర కిలోమీటరు సాగి వంతెన ఎక్కుతుంది. ఆ గోడ చివర, వంతెనకు కొంచెం ఇవతల, ఒక చిన్న ఇనుప గేటు ఉన్నది. అందరూ దానిని పక్క గేటు అంటారు. మూత్రపిండాలు చెడినవారికి యంత్రంతో రక్తం శుద్ధిచేసే డయాలసిస్ వార్డు దాని లోపలనే ఉన్నది. బస్సు ఆగవలసిన చోట్ల పట్టికలో పక్క గేటు లేదు, ఎన్నడూ లేదు. అయినా ఎన్నో ఏళ్ళుగా, నిదానం కొలువులో చేరక ముందు నుండే, ఆ దారిన పోయే ప్రతి డ్రైవరూ అక్కడ ఆపేవాడు. మొదట ఎవరు ఆపారో ఎవరికీ తెలియదు. పాతవాడు కొత్తవాడికి బండి తాళంచెవితోపాటు ఒక మాట కూడా అప్పగించేవాడు: "పక్క గేటు దగ్గర రెండు హారన్లు కొట్టి ఆపు. లోపల్నుంచి వచ్చేవాళ్ళు పరిగెత్తలేరు." ఏ కాగితం మీదా లేని ఆ మాటను ఒక్క డ్రైవరైనా మీరలేదు. వ్రాసిన ధర్మం కన్న వ్రాయని ధర్మానికే మనుషులు ఎక్కువ భయపడిన కాలమది.

ఒక వేసవిలో డిపోకు ఒక ఇంజనీరు అమ్మాయి వచ్చింది. డ్రైవరు లేకుండా నడిచే బస్సులను తయారుచేసే కంపెనీ ఆమెను పంపింది. ఊరి మొత్తంలో మంచి డ్రైవరెవరని అడిగితే డిపో ఏకకంఠంతో నిదానాన్ని చూపించింది. అతని బస్సుకు ముందూ వెనుకా కెమెరాలు అమర్చారు, చక్రానికీ బ్రేకుకూ తీగలు చుట్టారు.

"మీరు కొత్తగా ఏమీ చెయ్యొద్దు బాబాయ్ గారూ," అన్నదా అమ్మాయి. "రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపండి. ఆర్నెల్లపాటు చూసి నేర్చుకుంటుంది."

"ఏది?"

"బస్సు."

"బాగుందమ్మా. చేపపిల్లకి ఈత నేర్పమంటున్నారు."

ఆమె నవ్వి వెళ్ళిపోయింది. ఆ వెనుకనే డిపో మేనేజరు అతనిని గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. "చూడు నిదానం, డిపో పరువు నీ చేతిలో ఉంది. పెద్దపెద్దవాళ్ళు చూస్తారు ఆ కెమెరాల్లో. రూలు పుస్తకంలో ఎలా ఉందో అలాగే పోనీ. ఆపకూడని చోట ఆపి నన్ను తిట్లు తినిపించకు."

మేనేజరు చెప్పకపోయినా అతడు అలాగే చేసి ఉండేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో అతని పనిని ఇంత శ్రద్ధగా చూసినవారు లేరు. ఇన్స్పెక్టరు తరగతిలోకి వచ్చిన రోజున పిల్లవాడు నిటారుగా కూర్చున్నట్టు, అతడు ఆ ఆరు నెలలూ నిటారుగా కూర్చున్నాడు. మలుపుకు ముందు సైగ, గీత మీద బ్రేకు, పట్టికలోని చోట్ల మాత్రమే తలుపు. పక్క గేటు ముందు నుండి నలభై కిలోమీటర్ల వేగంతో, చూపు దారి మీదనే నిలిపి, రెండు హారన్లు కూడా కొట్టకుండా సాగిపోయాడు.

ఆ గేటు దగ్గర రోజువిడిచి రోజు నిలబడేవారిలో ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవారు. ఎండైనా వానైనా చేతిలో నల్లగొడుగు ఉండేది. బస్సు ఆగకుండా పోయిన మొదటి రోజున ఆ గొడుగు గాలిలోకి లేచింది. నిదానం కంటి కొసతో చూశాడు, చూడనట్టు పోయాడు. నాలుగు రోజుల తరువాత మార్కెట్టు దగ్గర మాస్టారు బస్సెక్కి, డ్రైవరు సీటు వెనుక నిలబడి అడిగారు.

"ఏం నాయనా, చూపు తగ్గిందా? మొన్న గొడుగెత్తాను. ఇంక చొక్కా విప్పి ఊపడమే తరువాయి."

"ఆర్నెల్లు ఓపిక పట్టండి మాస్టారూ. కెమెరాలున్నాయి. తర్వాత మళ్ళీ మామూలే."

"ఆర్నెల్లా! నాకు ఆర్నెల్లు ఉన్నాయని నీకు ఏ డాక్టరు చెప్పాడు?" అని ఆయన నవ్వారు. నిదానం కూడా నవ్వాడు. నాలుగో నెలలో పక్క గేటు దగ్గర గొడుగు కనబడలేదు. వేరే బస్సులో వెళుతున్నారు కాబోలునని అతడు అనుకొన్నాడు. ఆ వేళకు ఆ దారిలో వేరే బస్సు లేదు.

అతని ఇంట్లో అతడూ అక్కా ఇద్దరే. భార్య పోయి ఎనిమిదేళ్ళు. అక్క అతనికన్న తొమ్మిదేళ్ళు పెద్దది, భర్త పోయిన నాటి నుండి తమ్ముడి దగ్గరనే ఉన్నది. బస్సుకు పాఠం చెబుతున్న తమ్ముడిని చూసి ఆమె వంటగదిలో నుండే చురక వేసేది: "ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటార్రా. చూసుకో, ఆఖరికి అది మనిషవుతుందో, నువ్వు బస్సువవుతావో!"

ఆమె మాట అప్పటికే సగం నిజమయిందని అతనికి తోచలేదు.

మరుసటి సంవత్సరం కొత్త బస్సులు వచ్చాయి. ముప్పై ఆరుగురు డ్రైవర్లలో తొమ్మండుగురిని పర్యవేక్షకులనే పేరుతో ఉంచి, మిగిలినవారిని పంపివేశారు. హారన్ ఒక పెద్ద భవనానికి కాపలాదారయ్యాడు. "మంచి ఉద్యోగమేరా," అన్నాడు కలిసినప్పుడు. "గేటు తియ్యడం, గేటు వెయ్యడం. రెండే గేర్లు. క్లచ్చి కూడా లేదు." ఆ గొంతు మాత్రం మునుపటంత పెద్దగా లేదు. పాఠం చెప్పిన గురువు కనుక నిదానానికి సీటు మిగిలింది. చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చోవడం, ప్రమాదమేదైనా వస్తే ఎర్ర మీట నొక్కడం, ఇంతే అతని పని.

కూర్చున్న మొదటి రోజున, తన ముందున్న చక్రం తనంతట తాను తిరుగుతుండగా అతని చేతులు దాని మీదికి పోబోయి మళ్ళీ ఒడిలోకి వచ్చాయి. కోర్టు మలుపు దగ్గర బండిని ముందుగా కొంచెం కుడికి జరిపి, ఆపైన ఎడమకు ఒదిగించడం అతని పద్ధతి. బస్సు అలాగే ఒదిగింది. బడి ముందు పిల్లలు దాటిపోయిన తరువాత కూడా ఒక్క క్షణం ఆగడం అతని అలవాటు, ఏ పిల్లవాడైనా పడిన పుస్తకం కోసం వెనక్కు వస్తాడేమోనని. బస్సు ఆ క్షణం ఆగింది. తన గొంతు మరొకరి నోట వినబడినట్టున్నది. అన్యాయంగా మాట్లాడకూడదు: ఆ బస్సుకు అలసట లేదు, కోపం లేదు, ఎవరినీ తిట్టదు. సంవత్సరం తిరిగేసరికి ఆ దారిలో ప్రమాదాలు సగానికి తగ్గాయి. కళ్ళు లేనివారికి రాబోయే చోటు పేరు చెప్పేది. ఆస్పత్రి ముందు గేటు దగ్గర ఆగి, గోడ వెంబడి సాగి, పక్క గేటు ముందు నుండి నలభై కిలోమీటర్ల వేగంతో పోయేది. ఎందుకు ఆగుతుంది? గురువు ఆగలేదు.

ఆ సంవత్సరం అక్క పాదాలు వాచాయి. మొదట చెప్పులు పట్టలేదు, తరువాత ముఖం ఉబ్బింది. పరీక్షలు చేసిన డాక్టరు వారానికి మూడుసార్లు డయాలసిస్ కావాలన్నాడు, ఒక్కొక్కసారీ నాలుగు గంటలు.

"రెండుసార్లు చాలదా నాయనా?" అని అక్క బేరమాడింది.

"చాలదమ్మా. రెండుసార్లయితే ఒంట్లో నీరు నిలిచి ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. కొన్నాళ్ళు ఆగుతుంది. ఎన్నాళ్ళో నేను చెప్పలేను."

మొదటి రోజు అక్క తమ్ముడి బస్సులోనే ఎక్కింది. పక్క గేటు రాగానే అతడు ఎర్ర మీట నొక్కాడు. బస్సు మెత్తగా ఆగింది. తలుపును చేతితో తెరిచి ఆమెను దింపాడు. రెండోసారీ అంతే చేశాడు. మూడోసారి నొక్కిన సాయంత్రం కాగితం వచ్చింది: ప్రమాదం లేకుండా మీట నొక్కడం శిక్షార్హం, ఇంకొకసారి జరిగితే ఉద్యోగం ఉండదు.

అతడు ఇంజనీరు అమ్మాయి దగ్గరకు వెళ్ళాడు. ఆమె గదిలో గోడంత తెర, దాని మీద ఊరి దారులన్నీ సన్నని గీతలుగా వెలుగుతున్నాయి.

"పక్క గేటు దగ్గర బస్సు ఆగేలా చెయ్యాలమ్మా. అందరూ రోగులు."

ఆమె వేళ్ళు చకచకా కదిలాయి. తరువాత అతనివైపు తిరిగి మర్యాదగానే అన్నది: "బాబాయ్ గారూ, ఆర్నెల్లలో మీరు ఆ గేటు ముందునుంచి పదకొండు వందలసార్లు వెళ్ళారు. ఒక్కసారి కూడా ఆపలేదు. వేగం కూడా తగ్గించలేదు. అక్కడ ఆపే అవసరం ఉందని దానికి ఎలా తెలుస్తుంది?"

అప్పుడు చెప్పవలసింది ఒక్క మాట. నేను నడిపినది నా నడక కాదు, కెమెరాల కోసం నడిపిన నడక, అని. ఆ మాట నాలుక కొస దాకా వచ్చింది. అది బయటకు వస్తే పాఠమంతా అబద్ధమవుతుంది, పాఠం చెప్పినవాడి సీటు పోతుంది. అతడు చేతులు నులుముకొని, "సరేనమ్మా" అని లేచి వచ్చాడు.

అప్పటి నుండి అక్క ముందు గేటు దగ్గర దిగేది. సీటు విడిచి వెళ్ళే హక్కు అతనికి లేదు. ఆ రోడ్డులోకి ఆటోలను రానివ్వడం మానేసి ఏడాదయింది. డ్రైవర్లు లేని అద్దె కార్లు కూడా గీతలు గీసిన చోటనే ఆగుతాయి, ఆ గీతలు ముందు గేటు దగ్గరనే ఉన్నాయి. ఆస్పత్రి చక్రాల కుర్చీ గేటు దాటి బయటకు రాదు. కొత్త భవనం కడుతున్నారని లోపలి దారి మూసివేశారు. అందుచేత అరవై ఐదేళ్ళ మనిషి గోడ పట్టుకొని అర కిలోమీటరు నడవవలసినదే. బస్సు ముందు గేటు దగ్గర రెండు నిమిషాలు నిలిచి, కదిలి, గోడ వెంట నడుస్తున్న అక్కను దాటిపోయేది. ఆమె తమ్ముడిని చూసి, ఎవరో పరాయి ప్రయాణికురాలిలా చెయ్యి ఎత్తేది, ఎగతాళికి. పక్క అద్దంలో ఆ ఎత్తిన చెయ్యి చిన్నదై, చిన్నదై, వంతెన మొదట్లో మాయమయ్యేది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ అద్దంలో వెనుక వచ్చే బండ్లను చూసినవాడికి ఇప్పుడు ఆ అద్దం వైపు చూడడమే కష్టమయింది.

ఒక సాయంత్రం అక్క నుదుటికి కట్టుతో ఇంటికి వచ్చింది. చికిత్స ముగించుకొని తిరిగి వస్తూ కళ్ళు తిరిగి గోడకు కొట్టుకున్నది.

"ఏమైందే అక్కా!"

"ఏం లేదురా. రోజూ పట్టుకుని నడుస్తున్నాను కదా, గోడకి నా మీద ప్రేమ పుట్టింది. ముద్దు పెట్టుకుంది."

అతడు నవ్వలేదు. ఆమె ముందు నేల మీద కూర్చొని, కెమెరాల సంగతీ, మేనేజరు మాటా, మాస్టారు గొడుగెత్తిన సంగతీ, ఆరు నెలలూ తాను ఆపకుండా పోయిన సంగతీ అంతా చెప్పాడు. అక్క చివరి దాకా విన్నది. తరువాత అడిగింది:

"అయితే, ఆ గొడుగు మాస్టారు?"

"నడిచే వెళ్ళుంటారు."

"ఎన్నాళ్ళు?"

"నాలుగో నెలలో కనపడ్డం మానేశారు."

ఆమె కట్టు సర్దుకున్నది. "ఆయన నీకు అక్క కాదు కదరా," అన్నది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. పరాయివాడు చెయ్యెత్తినప్పుడు కానరాని గేటు, తన రక్తం నడిచినప్పుడు కానవచ్చింది. ఎవరు విత్తిన గింజ వారి పొలంలోనే మొలుస్తుందని పెద్దలు ఊరకే అనలేదు. అయితే ఆ పంటను కోస్తున్నది అతడు కాదు, ఆమె.

మరునాడు ఉదయమే ఇంజనీరు అమ్మాయితో నిజమంతా చెప్పివేశాడు. ఆమె మంచి పిల్ల. ముఖం పాలిపోయింది. "అప్పుడే చెప్పాల్సింది బాబాయ్ గారూ. మీ పాఠం ఇప్పుడు పన్నెండు ఊళ్ళలో నాలుగు వందల బస్సుల్లో ఉంది," అన్నది. అయినా ఉన్నది ఉన్నట్టు వ్రాసి పైకి పంపింది.

మూడు వారాలకు జవాబు వచ్చింది. పదిహేడో నంబరు దారిలో సేకరించిన పాఠం నమ్మదగినది కాదని తేలినందున దానిని తొలగించి, వేరొక ఊరి డ్రైవరు చెప్పిన పాఠాన్ని అమర్చుతారు. తప్పుదోవ పట్టించిన పర్యవేక్షకుడి కొలువు రద్దు. ఆ దారిలో ఇకపై పర్యవేక్షకులు అవసరం లేదు. పక్క గేటు విషయానికి వస్తే, ఎక్కడ ఎందరు ఎక్కి దిగుతున్నారనే లెక్కను బట్టి కొత్త చోట్లు మంజూరు చేస్తారు, గత రెండేళ్ళలో, మీట నొక్కి ఆపినవి పోను, పక్క గేటు దగ్గర ఎక్కినవారూ దిగినవారూ సున్న.

"ఆగితే కదమ్మా ఎక్కుతారు!" అన్నాడు నిదానం.

"నాకు తెలుసు బాబాయ్ గారూ," అన్నదా అమ్మాయి కళ్ళు దించుకొని. "నేనూ అదే రాశాను."

ఆ విధంగా సీటు పోయింది, గేటూ రాలేదు. మిగిలిన లాభమొక్కటే: ఇప్పుడు అక్కతోపాటు నడవడానికి అతనికి తీరిక దొరికింది. వారానికి మూడు రోజులు ఇద్దరూ ముందు గేటు దగ్గర దిగి, ఆమె ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి తమ్ముడి భుజం మీద వేసి నడిచేవారు. మొదట్లో ఆ దారి పావుగంట పట్టేది. వర్షాకాలం దాటేసరికి అరగంట, ఆపైన ముప్పావుగంట.

ఆ రోజు ఉదయం ఎండ అప్పుడే మొదలయింది. వార్డులో వారి వంతు తొమ్మిది గంటలకు. గోడ మధ్యకు వచ్చేసరికి అక్క ఉన్నపళంగా రోడ్డు అంచున కూలబడింది. ఊపిరి గురకలాగా వస్తున్నది.

"ఇంక కాళ్ళు రావురా."

"మోస్తాను, లే."

"నువ్వా? నీ మోకాళ్ళకే ఇద్దరు మనుషులు కావాలి."

అయినా అతడు ఎత్తబోయాడు. పది అడుగులు వేశాడు, అక్కడే ఇద్దరూ కూలబడ్డారు. అంతలో వెనుక నుండి పదిహేడో నంబరు బస్సు వచ్చింది. పక్క గేటు వరకు పోయే దారి అదే. లోపల సగం సీట్లు ఖాళీ. డ్రైవరు సీటూ ఖాళీయే. అతడు చెయ్యి ఎత్తాడు. అంచున మనుషులున్నారని గ్రహించి బస్సు కొంచెం పక్కకు తొలగింది, వేగం తగ్గించింది, ఆగలేదు.

ముప్పై ఏళ్ళలో ఏ మనిషీ తన బండికి అడ్డం రాకూడదని కోరుకున్నవాడు అప్పుడు లేచి రోడ్డు మధ్యకు వెళ్ళి బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు.

అది ఆగింది. చక్కగా, మూరెడు దూరంలో ఆగింది. లోపల నుండి ఒక ఆడగొంతు తియ్యగా పలికింది: "దయచేసి దారి వదలండి. మీ భద్రతే మాకు ముఖ్యం."

"తలుపు తియ్యండి!" అని అతడు అద్దం మీద కొట్టాడు. "ఆ గేటు దాకానే!"

"దయచేసి దారి వదలండి."

ఒక ప్రయాణికుడు కిటికీలో నుండి తల బయట పెట్టాడు. "ఏంటయ్యా! చావాలనుంటే వేరే బస్సు దొరకలేదా? ఆఫీసుకి టైమవుతోంది!" ఆ పక్కనే కూర్చున్న ఒక ఇల్లాలు అంచున కూలబడిన అక్కను చూసి, అయ్యో అని లేచి, తలుపును రెండు చేతులా లాగింది. రాలేదు. పట్టికలో లేని చోట ఆ తలుపు లోపల నుండి కూడా తెరుచుకోదు. ఆమె అద్దానికి అరచేతులు ఆనించి అలాగే నిలబడిపోయింది. వెనుక మూడు బండ్లు ఆగాయి, వాటిలో రెండింటికి డ్రైవర్లు లేరు. హారన్ కొట్టేవారు కూడా లేక ఆ దారంతా నిశ్శబ్దంగా ఉన్నది.

"ఒరేయ్, పక్కకి రారా," అన్నది అక్క అంచున కూర్చునే. "లోపల వాళ్ళకి పనులుంటాయి. దాన్నెందుకు నిలబెడతావు? పాపం, దానికి ఎవరూ చెప్పలేదు."

అతడు పక్కకు వచ్చాడు. బస్సు మర్యాదగా కదిలిపోయింది.

వారు పక్క గేటు చేరేసరికి పదిన్నర. వంతు దాటిపోయింది, మంచం మరొకరికి ఇచ్చారు. వార్డు నర్సు వాచిన పాదాలను వేలితో నొక్కి చూసి పెదవి విరిచింది. "మధ్యాహ్నం ఖాళీ లేదమ్మా. ఎల్లుండి త్వరగా రండి," అన్నది.

గేటు లోపలి సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. అక్క కొంగుతో మెడ తుడుచుకున్నది. గోడకు అవతల బస్సు వంతెన ఎక్కుతున్న చప్పుడు వినబడింది, ఆగలేదు.

"ఇంకనుంచి వారానికి రెండుసార్లే వద్దాంరా," అన్నది.

డాక్టరు చెప్పినది ఇద్దరికీ జ్ఞాపకమే. అతడు ఆమె కాలి నుండి చెప్పు తీసి, పట్టీ వదులు చేసి మళ్ళీ తొడిగాడు. ఆ పాదం మీద అతని వేళ్ళ గుర్తులు గుంటలుగా నిలిచాయి, పైకి రాలేదు.

"అలాగే అక్కా," అన్నాడు.